ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ : ఒక కలంజీవి కథ

మన వూళ్ళలో 'ఆవారా' సినిమా మళ్ళీ మళ్ళీ వచ్చేది. వచ్చినప్పుడల్లా నేల టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళి కూర్చునేవాళ్ళం. తెరమీద పేర్లు పడుతున్నంతసేపూ సోడాబుడ్ల చప్పుడూ, చోటుకోసం తోపులాటా. రాజ్ కపూర్ పేరు పడితే ఈలలు, నర్గీస్ పేరు పడితే ఇంకా ఈలలు. ఆ కథ రాసినవారి పేరు కూడా అక్కడే, ఆ సందట్లోనే పడేది. దాన్ని చూసినవాళ్ళెవరూ మాకు గుర్తులేరు. 'శ్రీ 420' కూ అంతే, 'బాబీ' కీ అంతే. ఒకే మనిషి రాసిన కథలకి యిరవై రెండేళ్ళపాటు దేశం దేశమంతా యేడ్చింది, నవ్వింది, కాని ఆ మనిషి యెవరని అడిగితే మనలో పదిమందికి ఒకరు చెప్పగలరో లేదో.

ఆయన ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ గారు. పత్రికా రచయిత, నవలాకారుడు, కథకుడు, సినిమా రచయిత, దర్శకుడు, నిర్మాత. డెబ్భైకి పైగా పుస్తకాలు ఇంగ్లీషులోనూ ఉర్దూలోనూ హిందీలోనూ వెలువరించారు. ఈ సంచికలో ఆయన జీవితాన్ని మనవాళ్ళకి పరిచయం చేద్దామని మా సంకల్పం. ఆయన రాసిన వాక్యాలు యెత్తి చూపకుండా, జరిగింది జరిగినట్టు చెప్పుకుంటూ పోతాము.

అబ్బాస్ గారు 1914 జూన్ 7న పానిపట్టులో పుట్టారు. పానిపట్టు అనగానే మనకు బడిలో చదువుకున్న మూడు యుద్ధాలు జ్ఞాపకం వస్తాయి. కాని ఉర్దూ తెలిసినవాళ్ళకి ఆ వూరు హాలీగారి వూరు. గాలిబు శిష్యుడు, సర్ సయ్యదుకి కుడిభుజం, 'ముసద్దస్' కర్త అయిన మౌలానా అల్తాఫ్ హుస్సేన్ హాలీ అబ్బాస్ గారికి తల్లివైపు ముత్తాత. ఆ పెద్దాయన 1914 డిసెంబరు ఆఖరున కన్నుమూశారు. అంటే పెద్ద కలం పోయిన యేడే చిన్న కలం పుట్టిందన్నమాట. తండ్రివైపు చూస్తే అది వేరే కథ. తాతగారు ఖ్వాజా గులాం అబ్బాస్ 1857 తిరుగుబాటులో నిలబడినవారు. ఇంగ్లీషువాళ్ళు ఆయన్ని ఫిరంగి మూతికి కట్టి పేల్చేశారు. పానిపట్టులో అలా ప్రాణమిచ్చిన మొదటివారు ఆయనేనని చెప్పుకుంటారు. ఒకవైపు కవిత్వం, ఒకవైపు ఫిరంగి. ఆ యింటి పిల్లవాడు ఊరుకునే మనిషి యెలా అవుతాడు?

తండ్రి గులాముస్సిబ్తైన్ గారు అలీగఢ్‌లో చదువుకున్నవారు, యునానీ మందుల తయారీని కొత్త పద్ధతుల్లోకి మార్చిన వ్యాపారస్థులు. తల్లి మస్రూర్ ఖాతూన్ గారు విద్యావేత్త సజ్జాద్ హుస్సేన్ గారి కుమార్తె. కుర్రవాడు హాలీ పేరున్న ముస్లిం హైస్కూల్లో ఏడో క్లాసు దాకా చదివి, ఖురాన్ అరబ్బీలో నేర్చుకుని, పదిహేనేళ్ళకే మెట్రిక్ గట్టెక్కి అలీగఢ్ చేరాడు. విద్యావేత్త ఖ్వాజా గులాముస్సయ్యిదైన్ గారు వీరికి దాయాది అన్నగారే. సాలెహా ఆబిద్ హుస్సేన్ అనే పేరుపొందిన ఉర్దూ రచయిత్రి కూడా ఆ కుటుంబం ఆడపడుచే. చదువు ఆ యింట్లో గాలిలా వుండేది.

1933లో ఇంగ్లీషు సాహిత్యంతో బి.ఏ., 1935లో ఎల్.ఎల్.బి. అయినాయి. నల్లకోటు మాత్రం తొడగలేదు. బి.ఏ. కాగానే ఢిల్లీలో 'నేషనల్ కాల్' అనే పత్రికలో కొన్నాళ్ళు పని నేర్చుకున్నారు. లా చదువుతూ చదువుతూనే 1934లో 'అలీగఢ్ ఒపీనియన్' అని విద్యార్థుల వారపత్రిక పెట్టారు. దేశంలో విశ్వవిద్యాలయ విద్యార్థులు నడిపిన మొదటి వారపత్రిక అదేనని అంటారు. కొడుకు వకీలవుతాడని చూసిన తండ్రులు మన సంఘంలోనూ చాలామంది వున్నారు గనుక ఆ యింట్లో యేమనుకునివుంటారో మనం వూహించుకోవచ్చు.

1935లో బొంబాయి వెళ్ళి 'బాంబే క్రానికల్' లో చేరారు. దాని సంపాదకులు సయ్యద్ అబ్దుల్లా బ్రెల్వీ. ఆ కాలంలో కాంగ్రెసు జాతీయవాదం పక్షాన గట్టిగా నిలిచిన ముస్లిం సంపాదకుడాయన. అక్కడే అబ్బాస్ గారు 'లాస్ట్ పేజ్' అనే శీర్షిక మొదలుపెట్టారు. 1947లో దాన్ని 'బ్లిట్జ్' కి తీసుకుపోయారు. ఉర్దూ బ్లిట్జులో అదే 'ఆజాద్ కలం' పేరుతో వచ్చేది. 1935 నుంచి 1987 దాకా, చనిపోయేవరకూ, యాభై రెండేళ్ళు అది నడిచింది. మనవాళ్ళు కొందరు పేపరు కొనగానే ముందు వెనక పేజీ తిప్పేవారు, ఆ అలవాటు ఆయన వల్లనే.

క్రానికల్లో ఆయనకు సినిమా పేజీ కూడా అప్పజెప్పారు. సినిమాలను నిర్మొహమాటంగా విమర్శించేవారు. అదే సమయంలో 1936 నుంచి హిమాంశు రాయ్, దేవికారాణి గార్ల బాంబే టాకీసుకు ప్రచారం పని కూడా చేసేవారు. ఒకచేత్తో విమర్శ, ఒకచేత్తో ప్రచారం, యిదేమి న్యాయమని యెవరైనా అడగవచ్చు. మేమూ అడుగుతాము. కాని ఆ రోజుల్లో విలేఖరి జీతంతో బొంబాయిలో బతకడం యెంత కష్టమో కూడా ఆలోచించాలి. ఆ స్టూడియోలో తిరగడం వల్లనే ఆయనకు తెర వెనక పని తెలిసింది. మొదటి కథ 'నయా సంసార్' ని అమ్మింది కూడా అక్కడే. అది 1941లో వచ్చింది. నాయకుడు ఒక పత్రికా విలేఖరి. అశోక్ కుమార్ వేశారు. నాయిక రేణుకాదేవి. ఆమె అసలు పేరు ఖుర్షీద్. అలీగఢ్‌లో ఆడపిల్లల కాలేజీ పెట్టిన షేక్ అబ్దుల్లా గారి కూతురు. ఆడపిల్ల బడికి పోతేనే గుసగుసలాడే రోజుల్లో ఆ యింటి అమ్మాయి తెరమీదికి వచ్చింది. దీనిమీద యెవరి అభిప్రాయం వారికి వుండవచ్చు, కాని జరిగిన సంగతి యిది.

తరువాత అయిదేళ్ళు గడిచి 1946 వచ్చేసరికి ఒక్క సంవత్సరంలోనే మూడు సినిమాలు ఆయన కలంనుంచి తెరకెక్కాయి. ఆ మూడూ చెప్పుకోదగ్గవే.

ఒకటి 'నీచా నగర్'. కథ హయాతుల్లా అన్సారీది, చిత్రానువాదంలో అబ్బాస్ గారి చెయ్యివుంది, దర్శకత్వం చేతన్ ఆనంద్. మెట్టమీద వుండే ధనవంతుడు మురికికాలవని పల్లంలో వున్న పేదల పేటకి మళ్ళించడం, అక్కడ జనం రోగాలపాలవడం కథ. ఫ్రాన్సులో కాన్ వూళ్ళో జరిగిన మొట్టమొదటి చలనచిత్రోత్సవంలో పెద్ద బహుమతి పంచుకున్న పదకొండు చిత్రాల్లో యిదొకటి. రెండోది 'డాక్టర్ కోట్నిస్ కీ అమర్ కహానీ'. షోలాపూరు డాక్టరు ద్వారకానాథ్ కోట్నిస్, మరి నలుగురు డాక్టర్లు 1938లో చైనాకు సాయంగా వెళ్ళారు. నలుగురు తిరిగివచ్చారు, ఆయన 1942లో అక్కడే చనిపోయారు. ఆ సంగతంతా అబ్బాస్ గారు పుస్తకంగా రాశారు, శాంతారాం గారు సినిమా తీశారు.

మూడోది 'ధర్తీ కే లాల్'. ఇది అబ్బాస్ గారు స్వయంగా దర్శకత్వం వహించిన మొదటి చిత్రం. 1943 బెంగాలు కరువులో ముప్ఫై లక్షలమంది దాకా పోయారని లెక్కలు కట్టారు. కలకత్తా వీధుల్లో గంజినీళ్ళకోసం యింటింటికీ తిరిగిన జనం కథ యిది. బిజన్ భట్టాచార్య నాటకాలూ, కిషన్ చందర్ 'అన్నదాత' కథా ఆధారం. ప్రజా నాట్య సంఘం, అంటే ఇప్టా, దీన్ని నిర్మించింది. శంభూ మిత్ర, తృప్తీ మిత్ర, బలరాజ్ సహానీ వేషాలు కట్టారు. సంగీతం రవిశంకర్. అప్పటికి ఆయనా కుర్రవాడే. స్టారనే మాటకు అర్థం తెలియని సినిమా అది. అది బొంబాయిలో విడుదలయ్యే సరికి మతకలహాలు చెలరేగాయి. సాయంత్రమైతే వీధుల్లో కర్ఫ్యూ. సినిమాకి యెవడు వస్తాడు? డబ్బు పోయింది. మూడేళ్ళ తరువాత సోవియట్ దేశంలో ఆ చిత్రం ప్రదర్శించబడింది. అక్కడ విడుదలైన మొదటి భారతీయ చిత్రం అదే.

ఇక 1947. దీన్ని గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి.

దేశం రెండు ముక్కలైనప్పుడు పానిపట్టు ముస్లింలు దాదాపు అందరూ వెళ్ళిపోయారు. శతాబ్దాల నాటి ఇళ్ళు, దర్గాలు, పుస్తకాల బీరువాలు అక్కడే వుండిపోయాయి. హాలీగారి వూళ్ళో హాలీగారి జాతి లేకుండా పోయింది. అబ్బాస్ గారి తల్లిగారినీ ఇంటి ఆడవాళ్ళనూ సైనికుల రక్షణతో ఢిల్లీ చేర్చవలసి వచ్చింది, తరువాత బొంబాయి తెచ్చుకున్నారు. బంధువులు చాలామంది సరిహద్దు దాటిపోయారు. వీరు దాటలేదు. పుట్టినవూరు పోయింది గాని దేశం పోలేదని ఆయన లెక్క.

అప్పుడాయన వుంటున్నది బొంబాయి శివాజీ పార్కు దగ్గర. చుట్టూ అందరూ హిందువులే. మనవాళ్ళున్న పేటకి మారిపొమ్మని శ్రేయోభిలాషులు చెప్పారు. ఆ చెప్పడంలో తప్పేమీ లేదు, ఆ రోజుల్లో ప్రాణాలకి భరోసా యెక్కడుంది. కాని ఆయన కదల్లేదు. ఇవాళ నేను యీ వీధి వదిలితే రేపు యీ దేశాన్ని యేమొహం పెట్టుకుని నాదంటాను అన్నది ఆయన ధోరణి. మేము యీ మాట రాస్తూ ఒక్క నిమిషం ఆగాము. మన తండ్రులూ తాతలూ కూడా ఆ రోజుల్లో యిలాంటి రాత్రుళ్ళే గడిపారు. వెళదామా వుందామా అని లాంతరు వెలుతురులో మాట్లాడుకున్న యిళ్ళు మన సంఘంలోనూ వున్నాయి. వుండిపోయినవాళ్ళ సంతానమే కదా మనమంతా.

ఆ వేడి చల్లారకముందే ఆయన 'సర్దార్జీ' అనే కథ రాశారు. అందులో కథ చెప్పేవాడు సిక్కులంటే గిట్టని ముస్లిం. నోటికొచ్చినట్టు సిక్కులమీద జోకులన్నీ చెబుతాడు. చివరికి అల్లరిమూకనుంచి అతన్ని కాపాడి, ఆ కాపాడటంలో ప్రాణం పోగొట్టుకునేవాడు పక్కింటి సర్దార్జీయే. యిది ద్వేషం మీద యెక్కుపెట్టిన కథ. కాని ముందుభాగం చదివి పుస్తకం మూసేసినవాళ్ళకి సిక్కుల్ని తిట్టిన కథలాగా కనిపించింది. పెద్ద గొడవ లేచింది, అలహాబాదులో కేసయింది. ఎత్తిపొడుపు అర్థంకావాలంటే చివరిదాకా చదివే ఓపిక వుండాలి. దానికి తోడు అప్పటికి పుండ్లు యింకా పచ్చిగానే వున్నాయి. కనుక చదివినవాళ్ళని మాత్రం పూర్తిగా తప్పుపట్టలేము.

1951లో ఆయన జీవితంలో రెండు సంగతులు జరిగాయి. ఆ తరువాత ఆయన బ్రతుకంతా ఈ రెండింటి మధ్యనే లాగులాటగా నడిచింది. మొదటిది 'ఆవారా' విడుదల. రెండోది 'నయా సంసార్' అన్న తన మొదటి సినిమా పేరుతోనే సొంత నిర్మాణ సంస్థ పెట్టడం.

'ఆవారా' కథను మొదట మెహబూబ్ ఖాన్ గారు తీద్దామనుకున్నారు. అందులో జడ్జి, అతను కాదని గెంటేసిన కొడుకు కదా. ఆ తండ్రీ కొడుకుల వేషాలకి నిజం తండ్రీ కొడుకులైన పృథ్వీరాజ్ కపూర్, రాజ్ కపూరే వుండాలని అబ్బాస్ గారి పట్టు. మెహబూబ్ గారి మనసులో వేరే నటులున్నారు. మాట కుదరలేదు. సంగతి తెలిసి రాజ్ కపూర్ వచ్చి కథ పట్టుకుపోయారు. దొంగ కొడుకు దొంగే అవుతాడా, పెంపకమా రక్తమా అన్న ప్రశ్నను అంత పెద్ద తమాషాలో పెట్టి అందరిచేతా మింగించడం చిన్న విద్య కాదు. వి.పి. సాఠే గారు చాలా చిత్రాలకు ఆయనతో కలిసి రాశారు. 1954లో 'ఆవారా' సోవియట్ దేశం వెళ్ళింది; అక్కడి జనం రాజ్ కపూర్ని తమ యింటి పిల్లవాణ్ణి చేసుకున్నారు. 1955లో 'శ్రీ 420', 1970లో 'మేరా నామ్ జోకర్', 1973లో 'బాబీ', అన్నీ ఆ జంట నుంచే. 'జోకర్' నాలుగు గంటలు దాటింది, రెండు యింటర్వెల్లులు. రాజ్ కపూర్ అప్పులపాలయ్యారు. ఆ అప్పులు తీర్చింది కూడా అబ్బాస్ గారి కథే, 'బాబీ'. ఆ పదహారేళ్ళ పిల్లల ప్రేమకథ విడుదలయ్యేటప్పటికి ఆయనకి యాభై తొమ్మిదేళ్ళు!

ఇతరులకు రాసినవి యిలా కాసులు కురిపిస్తుంటే, సొంతంగా తీసినవి యెలా వుండేవో చూడండి. 1952 'అన్హోనీ' లో నర్గీసుకి రెండు పాత్రలు. అది కాస్త నడిచింది. 'రాహీ' అస్సాం తేయాకు తోటల కూలీల కథ, ముల్క్ రాజ్ ఆనంద్ నవల ఆధారం, దేవ్ ఆనంద్ నాయకుడు. 1954 'మున్నా' తల్లిని వెతుక్కుంటూ బొంబాయిలో తిరిగే పసివాడి కథ. అందులో పాటే లేదు. హిందీ సినిమాలో పాట లేకుండా టిక్కెట్టు అమ్మాలంటే పప్పులేకుండా పెళ్ళిభోజనం పెట్టడమే! పెట్టారు. 1959 'చార్ దిల్ చార్ రాహేఁ' లో రాజ్ కపూర్, షమ్మీ కపూర్, మీనాకుమారి, నిమ్మీ అందరూ వున్నారు, అయినా ఆడలేదు. ఎందరు తారలున్నా ఆయన చెప్పదలచుకున్నది మాత్రం మారేది కాదు. మా అభిప్రాయం చెప్పాలంటే, ఆయన సొంత చిత్రాల్లో కొన్నిచోట్ల పాత్రలు మాట్లాడటం మానేసి ఉపన్యాసం యిస్తాయి. పత్రికా రచయిత సినిమా రచయితను పక్కకు నెట్టేస్తాడు. రాజ్ కపూర్ చేతిలో పడినప్పుడు అదే విషయం ఆటపాటల్లో కరిగిపోయేది. ఆయన తీసినప్పుడు కరిగేది కాదు.

మన దక్కనుతో సంబంధమున్నవి రెండు చిత్రాలు చెప్పుకోవాలి. 1957లో సోవియట్ దేశంతో కలిసి తీసిన 'పర్దేశీ'. వాస్కోడగామా కంటే ముందే, బహమనీ సుల్తానుల కాలంలో బీదరు దాకా వచ్చిన రష్యా వర్తకుడు అఫనాసీ నికితిన్ కథ అది. నర్గీసు, బలరాజ్ సహానీ, రష్యా నటుడు ఒలేగ్ స్త్రిజెనోవ్ నటించారు. ఇటు అబ్బాస్ గారు, అటు వాసిలీ ప్రోనిన్ దర్శకులు. రెండోది 1965లో వచ్చిన 'ఆస్మాన్ మహల్'. హైదరాబాదులోనే పాత మహలులో చిత్రీకరించారు. జాగీర్లు పోయి, పైకప్పు కారుతున్నా దర్జా వదలని ముసలి నవాబు. ఆ మహలుని కొని హోటలు కడదామనే షావుకారు. నవాబు వేషం పృథ్వీరాజ్ కపూర్ గారిది. పోలీసు చర్య తరువాత హైదరాబాదు పాత పేటల్లో అలాంటి నవాబుల్ని కళ్ళారా చూసిన మనవాళ్ళకు ఆ పాత్ర సినిమా పాత్రలా అనిపించదు.

ఆయన సొంత చిత్రాలన్నిటిలో మేము ముందు పెట్టేది 1963 'షహర్ ఔర్ సప్నా'. బొంబాయికి బతకడానికి వచ్చిన ఒక యువకుడు, ఒక యువతి. తల దాచుకోవడానికి గది దొరకదు. చివరికి రోడ్డుపక్కన వేయడానికి తెచ్చిపడేసిన పెద్ద మురుగునీటి గొట్టంలో సంసారం పెడతారు. పేరున్న నటులెవరూ లేరు. డబ్బున్న నిర్మాత లేడు. అయినా ఆ యేటి ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి స్వర్ణపతకం దానికే వచ్చింది. ఆ మధ్యలో, 1958లో, భార్య ముజ్తబాయీ ఖాతూన్ గారు గుండెజబ్బుతో పోయారు. పిల్లలు లేరు. ఆ తరువాత దాదాపు ముప్ఫై యేళ్ళు ఆయన ఒంటరిగానే గడిపారు. ఇల్లూ కాగితాలూ సినిమా డబ్బాలూ అన్నీ ఒకటే అయిపోయాయి.

ఇప్పుడు సుప్రీంకోర్టు వ్యవహారం. మన వకీలు సభ్యులకి తెలిసిన విషయమే, తక్కినవాళ్ళకోసం చెబుతున్నాము.

1968లో ఆయన 'చార్ షహర్ ఏక్ కహానీ' అని ఒక చిన్న చిత్రం తీశారు. కలకత్తా, బొంబాయి, మద్రాసు, ఢిల్లీ నాలుగు నగరాల్లో ఒకపక్క మేడలు, ఒకపక్క ఆ మేడలు కట్టినవాళ్ళ బతుకులు. బొంబాయిలో వేశ్యావాటిక దృశ్యాలు కూడా కొద్దిగా వున్నాయి. అందరూ చూడవచ్చుననే 'యు' సర్టిఫికెట్టుకి దరఖాస్తు పెట్టారు. సెన్సారువారు పెద్దలకు మాత్రమే అన్నారు. కాదని పైకి పోతే, ఆ దృశ్యాలు కోస్తే 'యు' యిస్తామన్నారు. అన్నీ కలిపి కొద్ది అడుగుల ఫిల్ము. ఏ నిర్మాతైనా కత్తెర పట్టుకుని కోసి పడేసేవాడే. వీరు కోయలేదు. ప్రభుత్వానికి అప్పీలు, తరువాత సుప్రీంకోర్టులో పిటీషను.

కేసు విచారణకు రాగానే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. కోతలు లేకుండానే 'యు' ఇస్తామని కోర్టులో చెప్పింది. అంటే ఆయనకి కావలసింది దొరికింది. ఇంటికి పోవచ్చు. కాని ఆయన పోలేదు. నాకు యిచ్చారు సరే, రేపు యింకొకడి గతేమిటి అని పిటీషనుని మార్చుకునే అనుమతి అడిగారు. సినిమాని జనానికి చూపకముందే సెన్సారు చేయడం రాజ్యాంగం యిచ్చిన వాక్‌స్వాతంత్ర్యానికి విరుద్ధమా కాదా అన్నదే ఇప్పుడు ప్రశ్న. సొంత పని అయిపోయాక కూడా తన డబ్బు పెట్టి అందరి పని మీద వేసుకున్న మనిషిని మీరెంతమందిని చూశారు?

1970 సెప్టెంబరు 24న తీర్పు వచ్చింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి మొహమ్మద్ హిదాయతుల్లా గారు. ఆ కుర్చీ యెక్కిన మొదటి ముస్లిం న్యాయమూర్తి, తరువాత ఉపరాష్ట్రపతి కూడా అయ్యారు. తీర్పు అబ్బాస్ గారి పక్షాన రాలేదు. సినిమా కంటికీ చెవికీ ఒకేసారి తగులుతుంది, పిల్లలమీద దాని ప్రభావం పుస్తకం కంటే యెక్కువ, కనుక ముందస్తు సెన్సారు చెల్లుతుంది అన్నారు. ఓడిపోయినట్టే కదా? పూర్తిగా కాదు. ఏది కళ, యేది బూతు అని వేరుచేసి చూపే నిబంధనలు లేవని అదే తీర్పు ప్రభుత్వాన్ని తప్పుపట్టింది. వేశ్యవృత్తి చూపించినంత మాత్రాన అది అసభ్యం కాదు, యెలా చూపారన్నది ముఖ్యం అన్న ధోరణిలో న్యాయమూర్తి గారు వివరించారు. అప్పీలు సర్కారు చేతిలో కాక వేరే సంస్థ చేతిలో వుండాలనీ, గడువులోగా తేల్చాలనీ మాట వచ్చింది. తరువాత చట్టం సవరించి 1983లో సెన్సారు మీద అప్పీళ్ళు వినే ట్రిబ్యునల్ పెట్టారు. ముప్ఫై ఎనిమిదేళ్ళు నడిపి దాన్ని 2021లో రద్దుచేశారు. ఇప్పుడు నిర్మాతలు మళ్ళీ హైకోర్టు మెట్లే యెక్కాలి. కె.ఏ. అబ్బాస్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా అన్న పేరు మాత్రం లా పుస్తకాల్లో పోలేదు. అలీగఢ్‌లో లా చదివి ప్రాక్టీసు పెట్టని మనిషి పేరు దేశంలో లా చదివే ప్రతి కుర్రాడూ పరీక్షలో రాస్తున్నాడు!

ఈ కేసు నడుస్తున్న రోజుల్లోనే 'సాత్ హిందుస్తానీ' తీశారు. 1969 నవంబరులో విడుదల. పోర్చుగీసువాళ్ళ చేతిలోవున్న గోవా విముక్తికోసం దేశం నలుమూలల నుంచీ వెళ్ళిన ఆరుగురు, అక్కడి మారియా అనే అమ్మాయి. ఇందులో ఆయన చేసిన తమాషా యేమిటంటే, యే ప్రాంతపు నటుణ్ణి ఆ ప్రాంతపు వేషానికి పెట్టలేదు. బెంగాలీ ఉత్పల్ దత్ పంజాబీ రైతు. మలయాళం మధు బెంగాలీ. మీరట్ కుర్రాడు మధుకర్ అరవవాడు. కమెడియన్ మెహమూద్ తమ్ముడు అన్వర్ అలీకి మతాభిమానం మెండుగావున్న హిందువు పాత్ర. అలహాబాదునుంచి వచ్చిన పొడుగాటి హిందూ కుర్రాడికి అన్వర్ అలీ అనే బీహారు ముస్లిం కవి పాత్ర. జనం యెదుటివాడి భాషా వేషమూ తొడుక్కుని చూస్తే గాని యెదుటివాడు అర్థంకాడని ఆయన అభిప్రాయం కాబోలు.

ఆ పొడుగాటి కుర్రాడే అమితాబ్ బచ్చన్. కలకత్తాలో వుద్యోగం వదులుకుని వచ్చాడు. మొత్తం సినిమాకి అయిదువేలు. పూర్తిపేరు అడిగితే బచ్చన్ అని చెప్పాడు. హరివంశరాయ్ బచ్చన్ గారి కొడుకని తెలిసిన వెంటనే అబ్బాస్ గారు ఆగిపోయి, తండ్రి అంగీకారం తెలిసేదాకా కాగితంమీద సంతకం పెట్టించలేదు. స్నేహితుడి కొడుకు ఇంట్లో చెప్పకుండా వచ్చాడేమోనన్న అనుమానం. పెద్దవాళ్ళ మర్యాద యిలా వుండేది. యూనిట్ అంతా రైల్లో కింది తరగతిలో గోవా వెళ్ళారు, చాపలేసుకుని పడుకున్నారు. నిర్మాతకీ అదే చాప. సినిమా డబ్బు చేయలేదు, జాతీయ సమైక్యతకు ఇచ్చే అవార్డు వచ్చింది. ఆ యేడే పద్మశ్రీ కూడా ఇచ్చారు. రాజస్థాను కాలవ మీద తీసిన 'దో బూంద్ పానీ' కి మళ్ళీ అదే సమైక్యతా అవార్డు. 1980లో మిథున్ చక్రవర్తి, స్మితా పాటిల్ తో 'ది నక్సలైట్స్'. డెబ్భై యేళ్ళు దగ్గరపడుతున్నా జోలికి పోకూడని విషయాల జోలికే పోయేవారు.

పుస్తకాల సంగతి చెప్పకుండా వదిలేస్తే అన్యాయం. 1938లో ప్రపంచం చుట్టి వచ్చి మరుసటి యేడు యాత్రా గ్రంథం వేశారు. 'ఇన్‌కిలాబ్' స్వాతంత్ర్య పోరాటం మీద పెద్ద నవల. ఆకాశంలోకి వెళ్ళివచ్చిన యూరీ గగారిన్ జీవితచరిత్ర 1961లోనే రాశారు. 1977లో 'ఐ యామ్ నాట్ యాన్ ఐలాండ్' అని ఆత్మకథ వెలువరించారు. మన యువకులెవరైనా ఒకటే పుస్తకం చదవగలమంటే మేము దాన్నే చూపిస్తాము. చిన్న కథల్లో 'అబాబీల్' అందరికంటే ముందు. పెళ్ళాన్నీ పిల్లల్నీ కొట్టి తరిమేసుకున్న ఒక మొరటు రైతు ఒంటరిగా మిగిలి, యింటిచూరులో గూడు పెట్టిన పిట్టలకోసం వానలో తడుస్తూ కప్పు సరిచేయడం కథ. ఇరవై యేళ్ళు దాటినవాడు రాశాడంటే నమ్మలేము.

చివరి యేళ్ళలో గుండె బాధపెట్టింది, నడక తగ్గింది. జుహూలో వుంటూ, ప్రతి వారం బ్లిట్జుకి కాగితాలు పంపడం మాత్రం తప్పలేదు. 'ఏక్ ఆద్మీ' అనే చిత్రం చేతిలో వుండగానే, 1987 జూన్ 1న బొంబాయిలో కాలం చేశారు. డెబ్భై మూడు నిండటానికి ఆరు రోజులు తక్కువ. ఆ చిత్రం మరుసటి యేడు బయటికి వచ్చింది. రాజ్ కపూర్ కోసం రాసిన ఆఖరి కథ 'హెన్నా'. ఇటు కాశ్మీరంలో నదిలో కొట్టుకుపోయిన కుర్రవాడు సరిహద్దుకి అవతల తేలతాడు, అక్కడి పల్లెపిల్ల వాణ్ణి బతికిస్తుంది. రాజ్ కపూర్ కూడా 1988లో పోతే కొడుకు రణధీర్ కపూర్ దర్శకత్వంలో 1991లో విడుదలయింది. ఆ పల్లెపిల్ల వేషానికి పాకిస్తాను నుంచి జేబా బఖ్తియార్ ని తీసుకొచ్చారు, మాటలు కరాచీ రచయిత్రి హసీనా మొయీన్ రాశారు. పానిపట్టు వదిలి వెళ్ళిన ఖ్వాజాల సంతానం అక్కడ వీడియో క్యాసెట్లలో దాన్ని చూసేవుంటారు.